పూతకు ముందు నీటికి దారి గీయండి: తిరుపతి ఇంజనీర్లకు, కాంట్రాక్టర్లకు, మేస్త్రీలకు బహిరంగ లేఖ

తిరుపతిలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఇళ్ళకు ప్లాన్లు గీసే ఇంజనీర్లకు, పనులు ఒప్పుకునే కాంట్రాక్టర్లకు, గోడ కట్టి పూత పూసే బేల్దారి మేస్త్రీలకు నమస్కారాలు.

నేను నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా చెరువు తూములు, కలుజులు, కాలువ గట్ల పనులు చూసి రిటైరైనవాణ్ణి. మట్టిని ఆపే రిటైనింగ్ గోడ కట్టేటప్పుడు దాని వెనక నీరు చేరక తప్పదని మా శాఖలో ముందే ఒప్పుకుంటాం. అందుకే గోడలో వీప్ హోల్స్, అంటే నీరు కారిపోయే బెజ్జాలు వదిలి, వాటి వెనక కంకర నింపించి, ఆ తరువాతే ఎం-బుక్కులో, అంటే పని కొలతల పుస్తకంలో, కొలతలు ఎక్కిస్తాం. ఆ నీటిని గోడ వెనకే బంధించి పైన సిమెంటు మెత్తేస్తే సరిపోతుందన్న అసిస్టెంటు ఇంజనీరును నా ఉద్యోగ కాలంలో ఒక్కణ్ణి కూడా చూడలేదు. అలాంటి నేనే నా సొంత ఇంటి మిద్దె గోడల విషయంలో సరిగ్గా ఆ తప్పు జరుగుతుంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని టీ తాగాను. ఈ లేఖ రాయడానికి మొదటి కారణం ఆ సిగ్గే.

అవిలాల వైపు ఉన్న మా ఇంటి కింది అంతస్తు 1998లో కట్టింది. మా అమ్మాయి కుటుంబం ఇక్కడికే వచ్చేస్తామనడంతో 2019లో పైన ఇంకో అంతస్తు వేయాలనుకున్నాం. పాత స్తంభాల మీద మళ్ళీ ఇటుక బరువు వేయవద్దని చూసిన ఇంజనీరు గట్టిగా చెప్పారు. ఆ మాట సబబైనదే. కాబట్టి పైఅంతస్తును మాకు కావలసినట్లు ప్లాను గీయించుకుని, పలుచని ఉక్కు చట్రం నిలబెట్టి, బయటి వైపు సిమెంటు ఫైబర్ బోర్డులు, లోపలి వైపు జిప్సం బోర్డులు బిగించి, మధ్యలో గాజు దూది నింపి కట్టించాం. బయటి నుంచి చూస్తే కింది అంతస్తు లాగే పూత పూసిన గోడ కనిపించాలని ఇంట్లో అందరి కోరిక. కాంట్రాక్టరు ఆ బోర్డుల మీదే కోళ్ళ జాలి కొట్టి, ఇటుక గోడకు పూసినట్లే సిమెంటు పూసేశాడు. కిటికీల చుట్టూ సిలికాన్ పెట్టాడు. పని చూడ్డానికి ముచ్చటగా ఉండింది.

2020 నవంబరు చివర్లో నివర్ తుఫానుకు తూర్పు వైపు పడకగదిలో కిటికీ కింద గోడ నెమ్మెక్కింది. కాంట్రాక్టరును పిలిస్తే, పూతలోని సన్నని పగుళ్ళే దీనికి కారణమని, రబ్బరులా సాగే వాటర్‌ప్రూఫ్ పెయింటు రెండు కోట్లు వేస్తే చుక్క కూడా దిగదని చెప్పి వేయించాడు. ఆ పెయింటు బయటి నుంచి వచ్చే నీటిని కొంత ఆపిన మాట నిజమే కానీ, కిటికీ మూలల నుంచి, పిట్టగోడ పైనుంచి అప్పటికే లోపలికి చేరుతున్న నీరు ఆరిపోయే దారిని కూడా అది మూసేసింది. తరువాతి ఏడాది నవంబరు వానలు మీ అందరికీ గుర్తుండే ఉంటాయి. కపిలతీర్థం దగ్గర కొండ నీరు విరుచుకుపడి మండపం దెబ్బతిన్నది ఆ వానలకే. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించిందీ అప్పుడే. ఆ వారం మా పడకగది గోడ మీద చేయి పెడితే తడి గుడ్డను తాకినట్లు ఉండింది.

వానలు వెలిసిన తరువాత కిటికీ కింద రెండడుగుల చదరం కోయించి చూశాను. జిప్సం బోర్డు వెనక కాగితం మీద నల్లటి బూజు అరచేతి మందాన కాకపోయినా అరచేతి వెడల్పు మచ్చలుగా పట్టి ఉండింది. గాజు దూది నానిన దుప్పటిలా కిందికి జారి ముద్దకట్టింది. స్క్రూ తలలను వేలితో గిల్లితే తుప్పు పొరలు పొరలుగా రాలింది. చట్రం అడుగున ఉండే ఇనుప చానల్‌లో రెండు వేళ్ళ లోతు నీరు నిలిచి ఉండింది. అన్నిటికన్నా నన్ను నిలబెట్టేసింది అదే, ఎందుకంటే అక్కడ నీరు పోవడానికి ఒక్క బెజ్జం కూడా లేదు. కాలువకు తూము పెట్టని ఇంజనీరును నేనే.

ఆ తరువాత రెండు నెలలు చదివాను. అమెరికా, కెనడాల్లో ఇళ్ళు ఎక్కువగా చెక్క చట్రంతో కట్టుకుంటారు కనుక ఈ దెబ్బ వాళ్ళు మనకన్నా ముందే, మనకన్నా గట్టిగా తిన్నారు. కెనడాలోని వాంకూవర్ నగరంలో 1980లు, 90లలో కట్టిన అపార్టుమెంట్లలో ఫ్లాట్లు వేల సంఖ్యలో లోపలి నుంచి కుళ్ళిపోతే, 1998లో ఆ నగరం ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి డేవ్ బారెట్ అధ్యక్షతన విచారణ సంఘం వేయవలసి వచ్చింది. ఎండ ఎక్కువ ఉండే కాలిఫోర్నియా ఇళ్ళ నమూనాను చూసి, చూరు లేకుండా, పైపూత ఒక్కటే నీటిని ఆపుతుందన్న నమ్మకంతో వానల ఊళ్ళో కట్టడం అక్కడ జరిగిన పొరపాట్లలో ముఖ్యమైనది. అమెరికాలోని నార్త్ కరోలినా తీరంలో విల్మింగ్టన్ ఊళ్ళో 1990ల మధ్యలో కొత్త ఇళ్ళ గోడలు ఇలాగే పాడయ్యాయి. అక్కడ ఫోమ్ పలకల మీద పలుచని కృత్రిమ పూత వేసేవారు, దాని వెనకకు చేరిన నీటికి బయటి దారి ఉండేది కాదు. ఈ అనుభవాల తరువాత పూత వెనక నీరు దిగిపోయే సందును ఉద్దేశపూర్వకంగా కట్టే పద్ధతి ఆ దేశాల్లో బలపడింది.

మన ఊరి సంగతి ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఇప్పుడు మీరు గీస్తున్న డబ్బా లాంటి ఎలివేషన్లలో సన్‌షేడ్ లేదు, చూరు లేదు, కిటికీ గోడ మొహంతో సమానంగా ఉంటుంది. పాత పెంకుటిళ్ళకు గోడ మట్టిదైనా చూరు రెండడుగులు ముందుకు వచ్చి దాన్ని కాపాడేది. గోపురాల మీది బొమ్మలకు వాడిన గార, చంద్రగిరి రాజమహల్ గోడల సున్నపు పని మనకు కొత్తవి కావు, స్టక్కో అని పాశ్చాత్యులు పిలిచేది దాని చుట్టమే. అయితే ఆ గార మందమైన రాతి, ఇటుక గోడ మీద ఉంటుంది. గోడ కాస్త నీరు తాగినా మళ్ళీ ఎండకు ఊపిరి వదిలినట్లు వదిలేస్తుంది. చట్రం మీద బోర్డు గోడకు ఆ తాగే గుణం లేదు. చేరిన నీరు ఇనుమును, కాగితాన్ని పట్టుకుని అక్కడే కూర్చుంటుంది.

2022 ఫిబ్రవరిలో తూర్పు, ఉత్తర గోడల పూతను బోర్డు దాకా కొట్టించి మళ్ళీ మొదటి నుంచి చేయించాను. కొత్తగా ఒప్పుకున్న మేస్త్రీ మొదటి రోజు బోర్డుల మీద పొర చుట్టడం చూసి, "ఏంది సార్, గోడకు కాగితం కడతాండారు? మాకు పూత పూసేది తెలుసు గానీ పొట్లం కట్టేది తెలీదు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది కానీ ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు ఈ లేఖలో వివరంగా రాస్తాను, ఎందుకంటే మీలో చాలామంది మనసులో అదే ఉంటుంది.

సిమెంటు పూత నీటిని పూర్తిగా ఆపదు. అది నీటి వేగాన్ని ఆపే కవచం మాత్రమే. గాలివాన కొట్టినప్పుడు సన్నని పగుళ్ళ గుండా, కిటికీ అంచుల గుండా కొంత నీరు వెనకకు చేరుతుంది. చేరనివ్వండి, కానీ అది బోర్డును తాకకుండా కిందికి జారి బయటికి పోవాలి. అందుకోసం బోర్డు మీద మొదట నీటిని ఆపి ఆవిరిని మాత్రం వదిలే పొర చుట్టాలి. దానిపైన రెండో పొర ఉండాలి. పూత ఈ రెండోదానికే అంటుకుంటుంది కాబట్టి మొదటి పొర చెక్కుచెదరక తన పని తాను చేస్తుంది. మా ఇంట్లో ఈ రెంటి మధ్య, నీరు చిక్కుకోకుండా దిగిపోయేందుకు, ప్లాస్టిక్ పీచుతో చేసిన 10 మిల్లీమీటర్ల డ్రైనేజీ మ్యాటు కూడా వేయించాను. పొరలు కింది నుంచి పైకి చుట్టాలి, పై పొర అంచు కింది పొర మీదికి రావాలి. పెంకులు పరిచే మనిషికి ఇది చెప్పనక్కరలేదు. మా మేస్త్రీ ఈ ఒక్క మాటతో మొత్తం అర్థం చేసుకుని, ఆ మధ్యాహ్నం తన కుర్రవాడు తిరగేసి పెట్టిన పొరను తనే పీకించాడు.

దానిపైన కోళ్ళ జాలి పనికిరాదు. ఇనుప రేకును చీల్చి సాగదీసి చేసే గాల్వనైజ్డ్ జాలి కావాలి. అది గోడకు అంటుకుపోకుండా పావు అంగుళం ఎత్తుగా నిలబడితేనే మొదటి పూత దాని వెనకకు పోయి జాలిని నలువైపులా పట్టుకుంటుంది. స్క్రూలు బోర్డుకు కాక, వెనకున్న చట్రపు నిలువు కమ్ములకే (స్టడ్లకే) పడాలి, ఏడు అంగుళాలకు ఒకటి మించి దూరం కాకూడదు. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ1063 ఈ జాలి పనిని, సీ926 పూత పనిని వివరిస్తాయి. పూత పని గురించి మన దేశపు ప్రమాణం ఐఎస్ 1661 కూడా ఎన్నో ఏళ్ళుగా ఉంది; గోడ తలాన్ని సిద్ధం చేయడం గురించి, పూతను తడపడం గురించి అందులో చెప్పినవి పాటించినా మన ఊళ్ళో సగం పెచ్చులూడే బాధ తప్పుతుందని నా అభిప్రాయం.

అన్నిటికన్నా ముఖ్యమైనది గోడ అడుగు. పూత ఎక్కడ ముగుస్తుందో అక్కడ వీప్ స్క్రీడ్ అనే, బెజ్జాలున్న వంపు రేకు పట్టీని చట్రం అడుగు దగ్గర ముందుగానే బిగించి, నీటిని ఆపే పొరను దాని మీదికి దించాలి. పైనుంచి జారి వచ్చిన నీరు ఆ బెజ్జాల గుండా బయట పడుతుంది. ఈ పట్టీ మట్టి నేలకు కనీసం 4 అంగుళాల ఎత్తులో, టైల్సు లేదా కాంక్రీటు నేలకు కనీసం 2 అంగుళాల ఎత్తులో ఉండాలని ప్రమాణం. మా ఇంట్లో పూత అంతా చక్కగా పూర్తయ్యాక, పోర్టికో పైకప్పు మీద టైల్సు వేయడానికి వచ్చిన వేరే మేస్త్రీ, వాటం కోసమని సిమెంటు మసాలా మందం పెంచి ఆ పట్టీని సగం పూడ్చేశాడు. పైగా, "సందులో చీమలు దూరతాయి సార్, సిలికాన్ కొట్టేస్తా" అన్నాడు. ఆయన తప్పు కాదు. డ్రాయింగులో ఆ పట్టీ లేదు, దాని ఎత్తు లేదు, దాన్ని మూయకూడదన్న మాట లేదు. నేను ఆ రోజు బజారుకు వెళ్ళి ఉంటే మొత్తం ఖర్చు వృథా అయ్యేది. నాలుగు వరుసల టైల్సు తీయించి వాటాన్ని బయటి వైపుకు మళ్ళించాం. చీమలకు సన్నని జాలి ముక్క చాలు.

కిటికీ దగ్గర మీరు సిలికాన్‌నే దేవుణ్ణి చేశారు. సిలికాన్ మన ఎండకు కొన్నేళ్ళకే గోడను వదిలేస్తుంది. అది వదిలిన తరువాత కూడా గోడ బతకాలి. కిటికీ బిగించే ముందే కింది అంచున రేకుతో పళ్ళెం లాంటిది చేసి, లోపలి వైపు అంచు లేపి, బయటి వైపుకు వాటం ఇచ్చి కూర్చోబెట్టాలి. తరువాత పక్కలు, చివర పై అంచు. పై అంచు రేకు మీదికి నీటిని ఆపే పొర దిగాలి. కింది అంచున బయటి వైపు సిలికాన్ మూయకూడదు, అదే పళ్ళెంలోని నీటికి దారి. అక్కడ అల్యూమినియం రేకు వాడకండి, పచ్చి సిమెంటులోని సున్నపు గుణానికి అది తినేసుకుపోతుంది. గోడకు ఆనుకుని కింది కప్పు ఉన్న చోట, పిట్టగోడ గోడతో కలిసే చోట, నీరు గోడ వెనకకు కాక బయటికి తిరిగేటట్లు రేకును మడిచి ముందుకు తేవాలి. ఆ మడత అరచేయి అంతే ఉంటుంది. మా ఇంట్లో ఎక్కువ నీరు దిగింది కిటికీ నుంచి అనుకున్నాం కానీ, కోసి చూస్తే సగం ఈ పిట్టగోడ మూల నుంచే.

పూత సంగతి మీకు నేను నేర్పేది తక్కువ. మూడు పూతలు కలిపి సుమారు 22 మిల్లీమీటర్లు. మొదటిదాన్ని దువ్వెనతో గీసి, రెండు రోజులు తడిపి, రెండోది వేసిన తరువాత ఏడు రోజులు ఆగి పైపూత వేశాం. మసాలాలో సిమెంటు ఎక్కువైతే గట్టితనం వస్తుందన్న అపోహ మానుకోండి. ఎక్కువైన ప్రతి పాలూ ఒక పగులు. మేము 1 పాలు సిమెంటు, 1 పాలు సున్నం, 6 పాళ్ళు జల్లించిన ఇసుక వాడాం. ఫిబ్రవరి ఎండకే గోడ గంటలో తెల్లబడిపోతుంటే గోనె పట్టాలు వేలాడదీసి తడిపించాం. పెద్ద గోడను ఏకంగా పూయక, కంట్రోల్ జాయింట్లతో, అంటే పగుళ్ళు రాకుండా కావాలని వదిలే గీతలతో, ఒక్కో ముక్క 144 చదరపు అడుగులు దాటకుండా విడగొట్టాం, జాలిని కూడా ఆ గీత దగ్గర కోసేశాం. ఎలివేషన్ అందం పోతుందని ఇంట్లో గొడవ జరిగింది. గీతలను కిటికీ అంచులతో కలిపితే పోలేదు.

ఇంకొకటి మన వాతావరణానికి ప్రత్యేకం. వానలో తడిసిన పూత మీద మర్నాడు ఎండ కొడితే తేమ ఆవిరై లోపలికి తోసుకువస్తుంది. లోపల ఏసీ వేసి చల్లగా ఉన్న గోడకు ప్లాస్టిక్ వాల్‌పేపరు అంటిస్తే ఆ ఆవిరి దాని వెనక నీరై కూర్చుంటుంది. మా అమ్మాయి ఎంతో ఇష్టపడి అంటించిన నీలం పూల కాగితం వెనక బూజు అందుకే పట్టింది. ఇప్పుడు అక్కడ మామూలు పెయింటు వేశాం.

ఇటుక గోడ కట్టే ప్రతి ఇంటికీ ఈ పొరలన్నీ కావాలని నేను అనడం లేదు, అలా అంటే మీరు నవ్వుతారు, నవ్వాలి కూడా. మంచి ఇటుక గోడకు సన్‌షేడ్, దాని అడుగున నీటి గాడి, కిటికీ గట్టుకు బయటి వాటం, పిట్టగోడ నెత్తికి లోపలి వైపు వాటం, స్తంభానికీ ఇటుకకూ అతుకు దగ్గర జాలి ఉంటే చాలు. కానీ పాత ఇళ్ళ మీద తేలిక చట్రపు అంతస్తులు మన ఊళ్ళో పెరుగుతున్నాయి. వాటికి కూడా ఇటుక గోడ పూత రేటే చదరపు అడుగుకు మాట్లాడుకుని, ఇటుక గోడ పనే చేసి వెళ్ళడం ఇక ఆగాలి. నాకు రెండోసారి అయిన ఖర్చు మొదటిదానికి రెండింతల పైమాటే. మొదటే చేసి ఉంటే కూల్చే కూలీ, బోర్డులు, స్క్రూలు, గాజు దూది మిగిలేవి.

ఇంజనీర్లకు నా విన్నపం: చట్రపు గోడ ఉన్న ప్లానులో గోడ అడుగు, కిటికీ కింది అంచు, పిట్టగోడ మూల, ఈ మూడింటి సెక్షన్ బొమ్మలను (నిలువుగా కోస్తే కనిపించే తీరును) పెద్ద స్కేలులో గీసి, పట్టీ ఎత్తును అంకెలో రాయండి. కాంట్రాక్టర్లు ఎస్టిమేటులో రేకు పనికి, పొరలకు విడిగా వరుస పెట్టండి, పూత రేటులో కలిపేస్తే మొదట కోతపడేది అదే. పూత మొదలుపెట్టే ముందు ఒక పూట ఆగి కిటికీల మీద పైపుతో నీళ్ళు కొట్టి చూపించండి, జాలి కప్పేముందు యజమానిని ఫోటోలు తీసుకోనివ్వండి. మా మేస్త్రీ ఆ పరీక్ష చేసినప్పుడు ఒక కిటికీ పళ్ళెం మూలలో అతుకు తప్పినట్లు తేలింది. అది బయటపడింది ఆ పూట ఆగినందువల్లే.

2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుఫాను వాన రెండు రోజులు వదలకుండా కురిసినప్పుడు గొడుగు వేసుకుని పోర్టికో మీదికి వెళ్ళి తూర్పు గోడ అడుగున చేయి పెట్టాను. పట్టీ బెజ్జాల నుంచి చుక్క వెనక చుక్క నా వేళ్ళ మీద పడింది. గోడ లోపల గది పొడిగా ఉండింది. మేస్త్రీకి ఫోను చేస్తే, మరునాడు వాన తగ్గీ తగ్గకముందే వచ్చి, వంగి చూసి, "దిగతాండాయి సార్" అని మాత్రం అన్నాడు.

ఆ గోడ పొరలన్నీ కనిపించేలా, అడుగు పట్టీతో సహా, రెండడుగుల నమూనా పలక ఒకటి చేయించి మా వసారాలో పెట్టాను. పక్కనే మొదటి గోడ నుంచి కోసిన ముక్క కూడా ఉంది, తుప్పు స్క్రూలతో సహా. మీలో ఎవరు వచ్చినా చూపిస్తాను. నవంబరులో వాన పడుతున్నప్పుడు వస్తే అసలు గోడనే చూడవచ్చు.

ఇట్లు,
నీటిపారుదల శాఖ విశ్రాంత ఇంజనీరు,
అవిలాల, తిరుపతి